ఆ గార్డు ఎందుకు పరిగెత్తుతున్నాడు?



మన కొత్తగూడెం బ్రాంచ్‌లో ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లిష్ చెబుతున్నాను. ఇంట్లో రోజుకు పది నిమిషాలు పిల్లలతో ఇంగ్లిష్ ఎలా మాట్లాడించాలో ఈ నెల రాయమన్నారు. రాద్దామని కూర్చుంటే పోయిన టర్మ్‌లో జరిగిన ఒక సంగతి అడ్డం వచ్చింది. అది ఒక ఫోన్ ఆట గురించి, ఒక ఏడో తరగతి బాబు గురించి, నేను చేసిన ఒక పొరపాటు గురించి. ముందు అది చెప్పేస్తాను. స్పోకెన్ ఇంగ్లిష్ చిట్కాలు వచ్చే నెల రాస్తాను. బాబు పేరు రాయడం లేదు. వాళ్ల అమ్మానాన్నలను అడిగి, సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

సబ్‌వే సర్ఫర్స్ అనే ఆట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు తెలియకపోయినా ఆ సంగీతం మీ హాల్లో వినే ఉంటారు. టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు ఆగి ఉన్న రైలు పెట్టె మీద రంగుల స్ప్రేతో బొమ్మ వేస్తుంటాడు. గార్డు చూస్తాడు. కుక్కను వెంటేసుకుని తరుముతాడు. కుర్రాడు పట్టాల మీద పరిగెత్తుతాడు. ఎదురొచ్చే రైళ్లను తప్పించుకుంటూ, నాణేలు ఏరుకుంటూ, ఎంతసేపు పరిగెత్తితే అంత స్కోరు. గమ్యం అంటూ ఉండదు. 2012లో వచ్చిన ఈ ఆట 2018లో గూగుల్ ప్లే స్టోర్‌లో వంద కోట్ల డౌన్‌లోడ్లు దాటింది. ఆ లెక్క అందుకున్న మొదటి ఆట అదే. ముంబై రైళ్లు కూడా ఒక విడతలో అందులోకి వచ్చాయి. అంతా రంగులు, పాటలు, గెంతులు. భయపడాల్సిందేమీ కనిపించదు.

పోయిన టర్మ్‌లో ఏడో తరగతికి ఒక రాత పని ఇచ్చాను. నీకు నచ్చిన కథ గురించి ఒక పేజీ రాయాలి. ఎక్కువమంది పాఠ్యపుస్తకంలోని కథలే తిప్పి రాశారు. ఈ బాబు మాత్రం సబ్‌వే సర్ఫర్స్ గురించి రాశాడు. ఆ ఆటలో దాచిపెట్టిన కథ ఒకటి ఉందట. ఆ కుర్రాడు నిజంగా పట్టాల మీద చనిపోయాడట. అందుకే ఆట ఎప్పటికీ అయిపోదట. చివరి రెండు వాక్యాలు నాకింకా గుర్తున్నాయి: "పోలీస్ ఈజ్ నాట్ క్యాచింగ్ హిమ్. పోలీస్ ఈజ్ సేవింగ్ హిమ్."

నేనేం చేశానో దాచకుండా చెబుతాను. 'పోలీస్' తర్వాత 'ఈజ్' కాదు, 'ఆర్' రావాలని ఎర్ర ఇంకుతో దిద్దాను. కింద "ఇది కథ కాదు, ఫోన్ ఆట. ఫోన్ తగ్గించు" అని రాసి, పదికి నాలుగు మార్కులు వేశాను. అక్కడితో ఆగలేదు. సాయంత్రం వాళ్ల అమ్మగారికి ఫోన్ చేసి, బాబు ఆటల్లో మునిగిపోతున్నాడని, చావులూ అవీ రాస్తున్నాడని చెప్పాను. ఆవిడ కంగారుపడ్డారు. ఆ రాత్రే ఫోన్ బీరువాలోకి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆ పిల్లవాడు క్లాసులో చెయ్యెత్తడం మానేశాడు.

పది రోజుల తర్వాత లైబ్రరీ పీరియడ్‌లో ఇద్దరమ్మాయిలు గుసగుసలాడుకుంటుంటే అడిగాను. "సబ్‌వే సర్ఫర్స్ థియరీ, టీచర్! మీకు తెలియదా?" అన్నారు. క్లాసులో నాకు తప్ప అందరికీ తెలుసు. ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. ఆట తయారుచేసినాయన కొడుకు పట్టాల మీద ఆడుతూ రైలు కింద పడి చనిపోయాడని, ఆ బాధతోనే ఈ ఆట చేశాడని ఒకరన్నారు. గార్డే ఆ తండ్రి అని ఇంకొకరు. ఎక్కడ చూశారంటే, షార్ట్ వీడియోల్లో.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. ఆ కథకు ఆధారం ఏదీ లేదు. ఆటకు బీజం వేసింది డెన్మార్క్‌కు చెందిన సిల్వెస్టర్, బోడీ అనే ఇద్దరు యానిమేషన్ విద్యార్థులు. రైళ్ల మీద బొమ్మలు వేసే ఒక కుర్రాడు, అతన్ని తరిమే గార్డు, ఇదే కథతో వాళ్లు చదువుకునే రోజుల్లో ఒక చిన్న యానిమేషన్ సినిమా తీశారు. తర్వాత తమ పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి సైబో అని కంపెనీకి పేరు పెట్టుకున్నారు. కీలూ అనే మరో డెన్మార్క్ సంస్థతో కలిసి ఆ సినిమా ఆలోచననే ఆటగా మలిచారు. చనిపోయిన కొడుకూ లేడు, ఏడ్చే తండ్రీ లేడు.

"చూశారా, అంతా అబద్ధం" అని మర్నాడు క్లాసులో తేల్చి చెప్పేయవచ్చు. కానీ 'తెలిసినదాని నుంచి తెలియనిదానికి' అని బీఎడ్‌లో మొదటి నెలలోనే మాతో వల్లె వేయించిన సూత్రం ఒకటుంది. పిల్లలకు బాగా తెలిసినది నా ముందుకు వస్తే నేను ఎర్ర ఇంకు పూశాను. ఈసారి అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టాను.

బోర్డు మీద రెండు గడులు గీశాను. ఒకదాంట్లో 'ఆటలో కనిపించేది', రెండోదాంట్లో 'మనం అనుకునేది'. ముందు మారియో గురించి చెప్పాను. సూపర్ మారియో బ్రోస్ 3 అనే ఆట 1988లో జపాన్‌లో వచ్చింది. అది సాహసయాత్ర కాదు, ఒక నాటకం, మారియో అందులో నటుడు అని చాలామంది ఆటగాళ్లు చెప్పుకునేవాళ్లు. వాళ్ల దగ్గర సాక్ష్యాలున్నాయి. ఆట మొదలవుతూనే తెర లేస్తుంది. వెనకాల ఉన్న దిమ్మెల నీడలు ఆకాశం మీద పడతాయి. ఆకాశం మీద నీడ పడుతుందా? రంగు వేసిన పరదా అయితేనే పడుతుంది. కొన్ని దిమ్మెలు మేకులు కొట్టి బిగించినట్టు, కొన్ని పైనుంచి వేలాడదీసినట్టు ఉంటాయి. చివరికి 2015లో ఆ ఆటను రూపొందించిన షిగెరు మియమోటోనే ఒక వీడియోలో ఈ ప్రశ్న అడిగితే ఆయన తల ఊపారు. అంటే ఆటలో దాగిన కథను చూసి పట్టుకున్న పిల్లలు గెలిచారు.

"ఇప్పుడు సబ్‌వే సర్ఫర్స్ థియరీకి సాక్ష్యాలు చెప్పండి" అన్నాను. కాసేపు గోల. ఎక్కువ మాటలు రెండో గడిలోకే పోయాయి. 'చనిపోయాడు' రెండో గడి. 'తయారుచేసినాయన కొడుకు' రెండో గడి. మొదటి గడి దాదాపు ఖాళీగా ఉంది. అప్పుడు చివరి బెంచీలో చెయ్యి లేచింది. పది రోజులుగా లేవని చెయ్యి.

"టీచర్, మనం బాగా పరిగెత్తుతున్నంతసేపూ గార్డు కనిపించడు. వెనకబడిపోతాడు. మనం దేనికైనా తగిలి తడబడితేనే మళ్లీ దగ్గరికి వస్తాడు."

క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఆ ఆట ఆడినవాళ్లందరికీ అది నిజమని తెలుసు. అందరూ వందల సార్లు చూశారు. ఎవరూ గమనించలేదు. నేను దాన్ని మొదటి గడిలో రాశాను. "అంటే ఏమనుకుంటున్నావు?" అని అడిగాను. "తెలియదు టీచర్" అని కూర్చున్నాడు.

లంచ్ బెల్ తర్వాత వరండాలో నా దగ్గరికి వచ్చాడు. మిగతాది అక్కడ చెప్పాడు.

మన ఊరి సంగతి మీకు తెలుసు. మన స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు. రాముడి దర్శనానికి వచ్చినవాళ్లు ఇక్కడ దిగి, ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు అడవి దారిన బస్సులో పోవాలని తెలిసి ఆశ్చర్యపోతుంటారు. డోర్నకల్ నుంచి వచ్చే ఈ లైను మీద మనుషులు ఎక్కే బండ్లకంటే బొగ్గు మోసే గూడ్స్ బండ్లే మనకు ఎక్కువ పరిచయం. సిగ్నల్ దగ్గర గూడ్స్ ఆగిందంటే ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలియదు. అవతలికి పోవాల్సినవాళ్లు వంగి, వ్యాగన్ల కింద నుంచి దూరి పోతుంటారు. పెద్దవాళ్లు పోతారు. వాళ్లను చూసి పిల్లలు పోతారు.

ఈ బాబు కూడా ట్యూషన్‌కు పోతూ అలాగే దూరాడు. ఆ రోజు వాళ్ల నాన్నగారు సింగరేణిలో ఫస్ట్ షిఫ్ట్ దిగి ఇంటికొస్తున్నారు. కొడుకు బండి కిందికి వంగడం దూరం నుంచి చూశారు. పేరు పెట్టి అరుస్తూ పరిగెత్తారు. బాబు ఆ అరుపు విని, నాన్న తిడతాడని భయపడి, ఇంకా తొందరగా దూరాడు. అవతల తేలాడు. కాసేపటికి బండి కదిలింది. బండి మొత్తం పోయేదాకా తండ్రి ఇటువైపు, కొడుకు అటువైపు. బండి పోయాక ఆయన పట్టాలు దాటి వచ్చి కొట్టారు. రోడ్డు మీదే, నలుగురూ చూస్తుండగా.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. పైగా ఆ వారం నుంచి ఆయనకు సెకండ్ షిఫ్ట్. బాబు బడి నుంచి వచ్చేసరికి నాన్న డ్యూటీలో ఉంటారు. నాన్న వచ్చేసరికి బాబు నిద్రలో ఉంటాడు.

"డాడీ నన్ను కొట్టడానికే పరిగెత్తాడనుకున్నా, టీచర్. ఆ వీడియో చూశాక ఆలోచించా" అన్నాడు. అంతే అన్నాడు. నేను నాలుగు మార్కులు వేసిన పేజీలో రాసింది ఆటలోని గార్డు గురించి కాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక్కడ మా అమ్మమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మాది దుమ్ముగూడెం వైపు చిన్న ఊరు. పర్ణశాల దగ్గర. మీరు పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లే ఉంటారు. సీత వాగు దగ్గర రాళ్ల మీద చారలు చూపించి సీతమ్మ చీర ఆరేసిన గుర్తులని, రంగు రాళ్లు చూపించి పసుపు కుంకుమలని చెప్పే ఉంటారు. రాయిని చూసి కథ చెప్పుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. మా అమ్మమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడేది. రాముడి వెంట లక్ష్మణుడు అడవికి పోతే ఆయన భార్య పద్నాలుగేళ్లు ఏం చేసింది? ఆ ప్రశ్నకు పెద్ద పుస్తకాల్లో జవాబు దొరక్క, మన ఇళ్లలోని ఆడవాళ్లే జవాబు కట్టి పాడుకున్నారు. ఇప్పటి పిల్లలు థియరీ అంటున్న పనిని మన అమ్మమ్మలు చేట ముందు కూర్చుని చేశారు.

ఆమె పాడే ఇంకో పాట లక్ష్మణదేవర నవ్వు. వనవాసం అయిపోయి నిండు సభ తీరిన వేళ లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. సభలో ప్రతి ఒక్కరూ తననే చూసి నవ్వాడనుకుంటారు. అన్నను పోగొట్టుకున్న సుగ్రీవుడికి ఆ సంగతి గుర్తొస్తుంది. అన్నను విడిచి వచ్చిన విభీషణుడికి అది గుర్తొస్తుంది. ఎవరి మనసులో ఏ ముల్లు ఉంటే అదే వాళ్లకు ఆ నవ్వులో వినిపిస్తుంది. అసలు కారణం వేరు. పద్నాలుగేళ్లు దూరంగా ఉండమని అడిగిన నిద్రాదేవి, గడువు తీరిందని సరిగ్గా అప్పుడే వచ్చి ఎదుట నిలబడింది. అందుకు నవ్వాడు.

చిన్నప్పుడు ఆ పాట విని నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఏడో తరగతి నోట్‌బుక్కులు దిద్దుతుంటే దాని అర్థం తెలుస్తోంది. డెన్మార్క్‌లో ఇద్దరు యువకులు సరదాకు గీసిన గార్డు బొమ్మలో కొత్తగూడెం పిల్లవాడికి వాళ్ల నాన్న కనిపించాడు. ఆట గురించి ఆ థియరీ చెప్పింది తప్పే. ఆ పిల్లవాడి గురించి అది చెప్పింది మాత్రం నిజం.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కు వాళ్ల నాన్నగారిని కూడా రమ్మని కబురు పెట్టాను. సెలవు పెట్టుకుని వచ్చారు. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. తర్వాత ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. "నాది తెలుగు మీడియం, మేడమ్, పదో తరగతి దాకే" అన్నారు. బాబే పక్కన నిలబడి ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. చివరి రెండు వాక్యాల దగ్గర గొంతు తగ్గించేశాడు. ఆయన మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాడు.

ఆయన చాలాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నారు. "బండి పోయేదాకా వీడు అవతల ఉన్నాడో లేడో నాకు తెలియదు, మేడమ్. కనపడగానే చెయ్యి లేచింది. తర్వాత ఏం మాట్లాడాలో తెలియలేదు" అన్నారు. ఆ మాట ఆయన నాకు చెప్పారు కానీ, వినాల్సినవాడు పక్కనే నిలబడి విన్నాడు.

తల్లిదండ్రులుగా మీతో రెండు మాటలు పంచుకోవాలనుంది.

మొదటిది పట్టాల గురించి. ఆటలో రైలుకు గుద్దుకుంటే తాళంచెవి ఖర్చుపెట్టి మళ్లీ లేచి పరిగెత్తవచ్చు. మన లైను మీద ఆ సౌకర్యం లేదు. యాభైకి పైగా వ్యాగన్లున్న గూడ్స్‌కు ఇంజిన్ అర కిలోమీటరు అవతల ఉండొచ్చు. మధ్యలో వ్యాగన్ కింద ఎవరున్నారో లోకో పైలట్‌కు కనిపించదు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం పట్టాల మీదికి అనుమతి లేకుండా వెళ్లడం నేరం కూడా. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పిల్లలకు చెప్పేముందు మనం ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కుతున్నామో లేదో చూసుకుందాం. వాళ్లు మన మాటలకంటే ముందు మన కాళ్లను చూస్తారు.

రెండోది ఇలాంటి కథల గురించి. మీ అబ్బాయో అమ్మాయో ఏదో ఒక రోజు మీ దగ్గరికి వచ్చి ఫలానా ఆట వెనక ఒక భయంకరమైన కథ ఉందని చెబుతారు. "పిచ్చి మాటలు, ఫోన్ ఇటివ్వు" అనాలనిపిస్తుంది. నేనూ అదే అన్నాను. పెద్దవాళ్లం మనమేమీ తక్కువ కాదు. 2014లో టాకింగ్ ఏంజెలా అనే పిల్లి బొమ్మ కళ్లలోంచి ఎవరో పిల్లల్ని చూస్తున్నారని పుకారు లేస్తే, దాన్ని ప్రపంచమంతా పంచుకున్నది ఎక్కువగా తల్లిదండ్రులే. అదీ నిజం కాదని తేలింది. అందుకే కోప్పడకుండా మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఆ కథ నీకు ఎవరు చెప్పారు? ఆటలో అది ఎక్కడ కనిపిస్తుంది, చూపించు. నీకు అందులో ఏది నచ్చింది, ఏది భయం వేసింది?

మొదటి ప్రశ్నతో ఆ కథ ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుస్తుంది. పిల్లలు ఎలాంటి వీడియోలు చూస్తున్నారో కూడా తెలుస్తుంది. రెండో ప్రశ్న వాళ్లకు సాక్ష్యం వెతకడం నేర్పుతుంది. రేపు సైన్స్‌లోనైనా, వార్తలు చదివేటప్పుడైనా పనికొచ్చేది ఆ అలవాటే. మూడో ప్రశ్న అడిగాక మాత్రం దయచేసి కాసేపు ఆగండి. జవాబు వెంటనే రాదు. మా బాబుకు పది రోజులు పట్టింది. భోజనం దగ్గరో, బండి మీద వెనక కూర్చున్నప్పుడో, లైటు తీసేశాకో వస్తుంది. ఆ జవాబు ఆట గురించి కాకపోవచ్చు.

ఫోన్ ఎంతసేపు ఇవ్వాలన్నది మీ ఇంటి నిర్ణయం. ఆ బాబు ఇంట్లో ఇప్పుడు ఆదివారం ఒక అరగంట ఇస్తున్నారు. ఫస్ట్ షిఫ్ట్ ఉన్న వారాల్లో నాన్నగారే ట్యూషన్‌కు దిగబెడుతున్నారు, బ్రిడ్జి మీదుగా నడిపించి. పోయిన ఆదివారం ఆయన కూడా ఆ ఆట ఆడి చూశారట. మొదటి రైలుకే గుద్దేశారట. "డాడీకి అసలు రాదు టీచర్" అని వాడు నవ్వుతూ చెప్పాడు.

ఆ పేజీ మళ్లీ తీసుకుని నా మాటలు కొట్టేశాను. నాలుగును తొమ్మిది చేశాను. 'పోలీస్' తర్వాత 'ఆర్' రావాలన్న దిద్దుబాటు మాత్రం అలాగే ఉంచాను. ఎంతైనా ఇంగ్లిష్ టీచర్‌ని కదా.

వచ్చే మీటింగ్‌లో కలుద్దాం. మీ ఇంట్లో విన్న థియరీ ఏదైనా ఉంటే తప్పకుండా చెప్పండి. బోర్డు మీద మొదటి గడిలో ఇంకా చాలా చోటుంది.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్